కుందేటి కొమ్ములు కాకముందే
(తీరపు జెముళ్లకు కలిగిన ముప్పు – మన మన్యానికి అందులోని పాఠము)

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనవారి సామెత. జెముడు చెట్టుకు ఆ పాటి గౌరవమైనను దక్కలేదు. అది పెరటిలో పెంచుకొను చెట్టు కాదు, పెరటికి కాపలా ఉంచు చెట్టు. కురుపాం ప్రాంతపు మన్యములో చేలకును, పశువుల దొడ్లకును జెముడు కంచె వేయుట పెద్దలెరిగిన విషయమే. పశువు దానికి నోరు పెట్టదు. మనిషి చేయి పెట్టడు. రోహిణి ఎండలు సైతము దానిని మాడ్చలేవు. కొమ్మ విరిచి పారవేసిన చోటనే వేరు తొడుగును. అట్టి మొక్కకు చావేమిటని ఎవరైనను అడుగవచ్చును.

అయినను ఆ కోవకు చెందిన ఒక మొక్క సముద్రపు నీటికి ఓడిపోయి, ఒక దేశపు నేల మీదనుండి తుడిచిపెట్టుకొని పోయినదని 2024వ సంవత్సరము జులై నెలలో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ వార్త మమ్ములను ఆలోచింపజేసినది. ఆ మొక్క అమెరికా దేశములోనిది. కాని దాని నాశనమునకును, దాని బంధువుల కష్టములకును దారితీసిన కారణములను ఒక్కొక్కటిగా పరిశీలించినచో, వానిలో ఏ ఒక్కటియు మనకు పరాయిది కాదని తేలుచున్నది. ఆ సంగతిని సోదర విద్యార్థులకు వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

జెముళ్లలో రెండు వంశములు

ముందుగా ఒక భ్రమను తొలగించుకొనవలెను. ముండ్లు గల లావుపాటి మొక్కలన్నిటిని మనము జెముళ్లనియే పిలుచుచున్నాము. ఇందులో రెండు వేర్వేరు వంశములు కలిసియున్నవి. బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు అనునవి మన దేశములో తరతరాలుగా కనిపించు యుఫోర్బియా కుటుంబపు మొక్కలు. వీనిని గిల్లినంతనే తెల్లని పాలు కారును. ఆ పాలు కంటికి తగిలిన ప్రమాదము. నాగజెముడు వీరి బంధువు కాదు. అది కాక్టస్ కుటుంబమునకు చెందినది. దానిని గిల్లిన పాలు రావు. ముండ్లు పుట్టు ప్రతిచోటను నూగు కప్పిన చిన్న దిమ్మ యుండును. ఉర్దూ మాటలాడు మన సోదరులు ఈ తేడాను పేరులోనే నిలుపుకొన్నారు. పాలజెముడు వారికి థూహర్, నాగజెముడు నాగ్‌ఫనీ.

కాక్టస్ మొక్కలన్నియు అమెరికా ఖండముల సొత్తు. ఒకేయొక్క జాతి మాత్రము ఆఫ్రికాలోను, సింహళములోను సహజముగా పెరుగుచున్నది. మన నాగజెముడు సైతము కరీబియన్ సముద్ర తీరములనుండి ఓడలమీద వచ్చినదే. పుట్టుక వేరైనను ఈ రెండు వంశముల బ్రతుకు తీరు ఒక్కటే. సాధారణముగా చెట్లు పగటిపూట ఆకుల రంధ్రములు తెరచి బొగ్గుపులుసు వాయువును పీల్చును. అప్పుడు చెట్టులోని నీరు ఆవిరియై పోవును. జెముడు ఆ తప్పు చేయదు. అది రాత్రి చల్లబడిన పిమ్మట రంధ్రములు తెరచి వాయువును గ్రహించి, పులుసు రూపములో దాచుకొని, తెల్లవారినంతనే తలుపులు మూసి, దాచిన దానితో ఆహారము తయారుచేసికొనును. ఆకులను ముండ్లుగా మార్చుకొని, కాండమునే నీటికుండగా చేసికొని బ్రతుకును. ఇంతటి పొదుపరిని కరవు చంపలేదు. మరి చంపినదేమిటి?

కీ లార్గో కథ

ఫ్లోరిడా రాష్ట్రపు దక్షిణపు కొననుండి సముద్రములోనికి దండవలె సాగిన చిన్న దీవులు గలవు. వానిలో కీ లార్గో ఒకటి. దాని అత్యంత ఎత్తైన ప్రదేశము సముద్రమట్టమునకు 15 అడుగులు మాత్రమే. అక్కడి మడ అడవి నడుమ ఒక సున్నపురాతి గుట్టమీద 1992లో ఒక స్తంభపు జెముడు గుంపు కనిపించినది. శాస్త్రనామము పైలోసోసీరియస్ మిల్స్‌పాయి. ఉత్తర క్యూబాలోను, బహామా దీవులలోను అక్కడక్కడ ఉన్న ఈ జాతికి అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇదియొక్కటే నివాసము. దాని తెల్లని పూలు రాత్రివేళ వెన్నెలలో మెరయుచు, వెల్లుల్లి వాసనతో గబ్బిలములను పిలుచును. ఎర్రని పండ్లు పక్షులకు ఆహారము. మొదట ఆ గుంపులో సుమారు 150 కాండములుండెను.

పిమ్మట కష్టములు ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. 2015లో అక్కడి జంతువులు ఆ జెముళ్లను కొరికివేసి సగము గుంపును పాడుచేసినవి. మంచినీరు కరవై, కాండములోని నీటికొరకు అవి అంత పని చేసియుండునని పరిశోధకులు ఊహించిరి. 2017లో ఇర్మా అను తుఫాను 5 అడుగుల ఉప్పెనను తెచ్చి, దీవిలోని పెద్ద భాగమును కొన్ని దినములు ముంచినది. 2019లో తుఫాను లేకయే, పెద్ద పోటుల వలన పల్లపు ప్రాంతములలో మూడు నెలలకు పైగా నీరు నిలిచినది. గుట్టమీది పలుచని మట్టి కొట్టుకొనిపోయినది. 2021 నాటికి మిగిలినవి ఆరు కాండములు, అవియును రోగగ్రస్తములు. ఇక లాభము లేదని ఫెయిర్‌చైల్డ్ వృక్షశాస్త్ర ఉద్యానవనమువారు, ఇతర సంస్థలవారు కలిసి పచ్చగా నున్న ముక్కలను కోసి తెచ్చి తోటలలో నాటిరి. 2023 నాటికి ఆ దేశపు నేలమీద సహజముగా పెరుగు మొక్క ఒక్కటియు లేదు. సముద్రమట్టము పెరుగుట వలన ఒక జాతి స్థానికముగా అంతరించుట ఆ దేశములో ఇదియే మొదటిదని వారి అభిప్రాయము.

ఉప్పునీరు ఎట్లు చంపును?

చుట్టును నీరే యుండగా మొక్క ఎండిపోవుట వింతగా తోచవచ్చును. ఊరగాయ పెట్టు ఇంటిలో పెరిగిన వారికి ఇందులో వింత లేదు. ముక్కలకు ఉప్పు పట్టించి ఉంచినచో కొంతసేపటికి ముక్కలలోని నీరు ఊరి బయటకు వచ్చును. పలుచని పొరకు రెండువైపుల వేర్వేరు సాంద్రతలు గల ద్రవములున్నప్పుడు, నీరు పలుచని వైపునుండి చిక్కని వైపునకు పోవుట ప్రకృతి ధర్మము. వేరులోని రసము కంటె మట్టిలోని నీరు ఉప్పగా నున్నప్పుడు వేరు నీటిని పీల్చుటకు బదులు కోల్పోవును. ఇది నీటి నడుమ కరవు. పైగా ఉప్పులోని సోడియము, క్లోరిను కణములలో పేరుకొని విషమగును. మడచెట్లకు ఈ ఉప్పును అడ్డుకొను ఉపాయములున్నవి. ఎండకు సిద్ధపడిన జెముడు సముద్రమునకు సిద్ధపడలేదు.

1901వ సంవత్సరమునకును 2018వ సంవత్సరమునకును నడుమ ప్రపంచపు సగటు సముద్రమట్టము సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినదని అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘము లెక్కతేల్చినది. జానెడు నీటికి ఇంత భయమేలయని మనము అనుకొనరాదు. జానెడు పెరిగిన నీటిమీద వచ్చు ప్రతి పోటును, ప్రతి ఉప్పెనయు మునుపు రాని చోటికి వచ్చును. కాకినాడ సమీపమున ఉప్పాడ తీరములో సముద్రము ఇండ్లను, దారులను కోసివేయుట మనవారికి ప్రత్యక్షానుభవము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణమును, 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లాను దెబ్బతీసిన విధము మరువరానిది. మన ఇసుకతిన్నెలను పట్టి నిలుపునవి బాలబందితీగ, మొగలిపొద, రావణాసురుని మీసములను గడ్డి. వీని వేళ్ల వలననే తీరము కొంతవరకైనను నిలిచియున్నది. వానిని పెరికి తిన్నెను చదునుచేసిన చోట సముద్రమునకు తలుపు తెరచినట్లే.

పురుగు చేసిన పని

రెండవ ముప్పు మనిషి ఓడమీద తెచ్చిన పురుగు. ఇందులో మన దేశమునకు పాత చరిత్ర గలదు.

మెక్సికో దేశములో నాగజెముడుమీద బ్రతుకు ఒక చిన్న పురుగునుండి శ్రేష్ఠమైన ఎర్రరంగు తీయుదురు. దానిమీద స్పెయినువారి గుత్తాధిపత్యమును చూచి ఓర్వలేక, ఈస్టిండియా కంపెనీవారు 18వ శతాబ్దపు చివరి భాగమున ఆ వ్యాపారమునకు ఆశపడిరి. మద్రాసులో డాక్టరు జేమ్స్ ఆండర్సన్ సైదాపేటయందు జెముడు తోటనే పెంచెను. 1795లో నీల్సన్ అను కెప్టెన్ బ్రెజిలునుండి పురుగులను కలకత్తాకు తెచ్చెను. తీరా చూడగా అది అసలు రంగుపురుగు కాదు, దాని సవతితమ్ముని వంటి వేరొక జాతి. రంగు నాసిగా వచ్చినది. పురుగు మాత్రము వ్యాపించి ఒక రకపు నాగజెముడును ఊళ్లకు ఊళ్లుగా నాశనము చేసినది. 1836 మొదలుకొని దక్షిణ దేశములోనికి ఆ పురుగును బుద్ధిపూర్వకముగానే తెచ్చి విడిచిరి. కలుపుమొక్కను పురుగుచేత చంపించు పద్ధతికి ప్రపంచములో ఇదియే తొలి ఉదాహరణమని పండితులు పేర్కొందురు. తీరప్రాంతములలో దట్టముగా అల్లుకొన్న నాగజెముడును ఆ పురుగు ముట్టలేదు. అందుకై 1926లో సింహళమునుండి మరొక జాతి పురుగును రప్పించిరి.

ఇక్కడ నాగజెముడు చొరబడిన మొక్క గనుక దాని నాశనమును రైతు మేలుగానే తలచెను. ఇదే ఉపాయము మరియొక చోట శాపమైనది. అర్జెంటీనాకు చెందిన ఒక చిమ్మట జెముడు కాండమును తొలిచి తినును. 1926లో దానిని ఆస్ట్రేలియాలో విడువగా, లక్షల ఎకరములను ఆక్రమించిన జెముడు అడవి కొద్ది ఏండ్లలో కూలినది. ఆ విజయమును చూచి 1957లో కరీబియన్ దీవియైన నెవిస్‌లోను దానిని విడిచిరి. కాని కరీబియన్ ప్రాంతము జెముడుకు పుట్టినిల్లు. చిమ్మటకు పరాయి మొక్కకును పుట్టినింటి మొక్కకును భేదము తెలియదు. అది దీవినుండి దీవికి పాకి, 1989లో ఫ్లోరిడా దీవులను చేరినది. అక్కడ కన్సోలియా కోరల్లికోలా అను మరొక తీరపు జెముడు అప్పటికే వ్రేళ్లమీద లెక్కించదగిన చోట్ల మాత్రమే మిగిలియుండెను. చిమ్మటయు, ఉప్పునీరును కలిసి దానిని మరింత క్రుంగదీసినవి. 2013లో ఆ దేశప్రభుత్వము దానిని అంతరించిపోవుచున్న జాతిగా ప్రకటించినది. ఒకచోటి మందు మరొకచోట విషమగుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము అరుదు.

మనిషి చేయి

మూడవ ముప్పు మనిషి చేయి. 2015లో ప్రకటితమైన ఒక ప్రపంచ పరిశీలనలో, లెక్కకు వచ్చిన 1,478 కాక్టస్ జాతులలో నూటికి 31 ప్రమాదస్థితిలో ఉన్నవని తేలినది. కారణములలో పొలముల విస్తరణ, పశువుల మేపుతోపాటు అందమునకై మొక్కలను పెరికి అమ్ముట ముఖ్యమైనది. వేలెడు మొక్క పెరుగుటకు కొన్ని జాతులలో ఏండ్లు పట్టును. పెరుకుటకు క్షణము చాలును.

ఇది మన ఇంటికి ఎట్లు సంబంధించునో చూతము. మన రాతిగుట్టలమీద, పొడినేలలలో ముండ్లులేని, ఆకులులేని ఒక చిన్న లావుపాటి మొక్క పెరుగును. జానెడో మూరెడో ఎత్తున నిలువు పలకలు గల కొమ్మలు నిలుచును. చూచుటకు జెముడు పిల్లవలె నుండును గాని, అది జిల్లేడు వంశమునకు చెందినది. పూలకు దుర్గంధముండి ఈగలను ఆకర్షించును. ఈగలే దానికి పుప్పొడి మోయు సేవకులు. కొమ్ములవలె జంటగా నిలుచు సన్నని కాయలను చూచినవారికి, దీనిని కుందేటి కొమ్ములని ఏల పిలిచిరో తెలియకపోదు.

ఈ చిన్న మొక్కకు పెద్ద చరిత్ర గలదు. 1781 మొదలు సామర్లకోటలో కంపెనీ తోటను పోషించిన విలియం రాక్స్‌బరో అను వైద్యుడు మన జిల్లాల మొక్కలను వెదకి, తెలుగు పేర్లతో సహా వ్రాసికొనెను. కోరమండల తీరపు మొక్కలను గూర్చి 1795లో వెలువడనారంభించిన ఆయన గ్రంథములో ఈ మొక్క చిత్రము, దాని తెలుగు పేరు కారల్లము అను ఉచ్చారణతో కనిపించును. 1810లో రాబర్ట్ బ్రౌన్ అను శాస్త్రజ్ఞుడు ఆ పేరునే గ్రహించి జాతికి కారల్లూమా అని నామకరణము చేసెను. కొందరు దీనికి అరబ్బీ మూలమును కల్పించి, మాంసపు గాయమను అర్థము వచ్చు ఖహ్ర్ అల్ లుహూమ్ అను పదబంధమునుండి పుట్టినదనిరి. పూల వాసనను బట్టి ఆ ఊహ అందముగానే ఉన్నది. అయినను రాక్స్‌బరో వ్రాసిన తెలుగు పేరు కంటికి కనబడుచుండగా, ఆ కీర్తి మన పల్లెవాసులదే యని మా నమ్మకము. ఆఫ్రికా, అరేబియాలలోని బంధు జాతులు సైతము మన పల్లె పేరుతో ప్రపంచ గ్రంథములకెక్కినవి.

ఈ మొక్క లేత కొమ్మలను పచ్చిగా తినుట మన ప్రాంతములో ఉన్న అలవాటేనని రాక్స్‌బరో గమనించెను. గత పాతికేండ్లలో ఈ సంగతి వ్యాపారుల చెవిని పడినది. ఆకలిని అణచి లావు తగ్గించునని చెప్పి దాని సారమును మాత్రలుగా దేశవిదేశములలో అమ్ముచున్నారు. ఆ గుణమును గూర్చిన పరీక్షల ఫలితములు ఒక్కతీరుగా లేవు. కాని గిరాకీ పెరిగినప్పుడు గుట్టమీది మొక్కకు రక్షణ ఏది? కాపరి కొమ్మ తుంచి తిన్న మొక్క మరల చిగురించును. గోనెసంచి నింపుకొనువాడు వేరుతో సహా పెరుకును. ఆకలికి తినునది ఒక పద్ధతి, ఆకలి లేకుండుటకై తినునది మరొక పద్ధతి. మొదటిది మొక్కను మిగిల్చినది.

దీని దగ్గరి చుట్టమైన ఫ్రెరియా ఇండికా అను మొక్క పశ్చిమ కనుమలలో కొన్ని కొండల అంచులకే పరిమితమై, ఏనాడో అరుదైన జాతుల పట్టికలకెక్కినది. కుందేటి కొమ్ములకు ఆ దశ రాకూడదు.

కొండకు సముద్రమేమి చుట్టము?

కురుపాం కొండలలో సముద్రపు ఉప్పు లేదు గదా, ఈ గోడు మాకేల యని విద్యార్థులు అడుగవచ్చును. సమాధానము నాగావళిని అడుగవలెను. ఒడిశా కొండలలో పుట్టి, మన మన్యపు గెడ్డల నీటిని కలుపుకొని, శ్రీకాకుళం దాటి కల్లేపల్లివద్ద ఆ నది సముద్రములో కలియును. కొండను కడిగిన ఇసుకయే తీరమునకు తిన్నె. ఎగువ ఇసుకను తవ్వి తరలించినను, అడ్డుకట్టలలో నిలిచిపోయినను, దిగువ తీరము బక్కచిక్కును. కొండయు తీరమును ఒకే ఇంటి రెండు గదులు.

అంతే కాదు. కీ లార్గో జెముడును చంపినది ఉప్పు మాత్రమే కాదు; అది నిలుచుటకు ఒకే ఒక గుట్ట యుండుట. నీరు పెరిగినప్పుడు ప్రక్కనున్న మరొక గుట్టకు పోవు వీలులేకుండుట. మన రాతిగుట్టల మొక్కలకును ఇదే ప్రమాదము. కొండను కంకరకై పిండిచేసినచో ఆ గుట్టకే పరిమితమైన మొక్కకు వేరు ఊరు లేదు. జెముడు కంచె పోయి ఇనుపతీగ కంచె వచ్చినచో, కంచె చాటున బ్రతుకు చిన్న మొక్కలకును, తొండలకును, పిట్టలకును నీడ పోవును. ఈ మార్పులో ఎవరి దురుద్దేశమును లేదు. గమనించువారు లేకుండుటయే లోపము.

మనమేమి చేయవచ్చును?

చట్టములు లేకపోలేదు. అరుదైన జీవుల వ్యాపారమును గూర్చిన అంతర్జాతీయ ఒడంబడిక 1975లో అమలులోనికి రాగా, మన దేశము 1976లో అందులో చేరినది. దాదాపు కాక్టస్ జాతులన్నియు, లావుపాటి యుఫోర్బియాలును దాని పరిధిలో ఉన్నవి. 1972 నాటి వన్యప్రాణి చట్టములో 1991లో మొక్కలకును చోటు కల్పించిరి. మన కడప, తిరుమల కొండల బెడ్డోము సైకస్ వానిలో ఒకటి. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థ పరిధిలోను ఒక కమిటీ ఏర్పడి, ఆ ప్రాంతపు మొక్కలను, వాని ఉపయోగములను ప్రజల నోటనుండి పట్టికగా వ్రాయవలెను. కాని చట్టము పేరు తెలిసిన మొక్కనే రక్షించగలదు. పేరు మరచిన మొక్కకు వకాలతు పుచ్చుకొనువారుండరు.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మూడు విన్నపములు చేయుచున్నాము. మొదటిది, వృక్షశాస్త్ర విద్యార్థులు సెలవులలో తమ తమ ఊళ్ల జెముళ్లను, గుట్టమొక్కలను చూచి, తెలుగు, ఉర్దూ, సవర, జాతాపు వాడుకలలోని పేర్లను వ్రాసి తెచ్చుటకు ఒక పుస్తకము ఏర్పరచవలెను. రాక్స్‌బరో రెండు శతాబ్దములకు పూర్వము చేసిన పనిని మన పిల్లలు చేయలేరా? రెండవది, ఆవరణలో ఒక మూల రాళ్లు పేర్చి చిన్న గుట్టతోట పెంచవలెను. అందులో నాటుటకు కొమ్మ చాలును, వేరుతో పెరుకరాదను నియమముండవలెను. మూడవది, విహారయాత్రలలో అడవినుండి మొక్కను పెరికి తెచ్చుటను తప్పుగా పరిగణించవలెను.

గుట్టతోటతో అంతయు నెరవేరునని మేము చెప్పము. కీ లార్గో జెముడు నేడు కుండీలలో బ్రతికియే యున్నది. కాని వెన్నెలలో దాని పూలకొరకు గబ్బిలము వచ్చు మడ అడవి దానికి లేదు. కుండీలోని మొక్క పరదేశములో నున్న బిడ్డ వంటిది, ప్రాణముండును, ఇల్లుండదు. మొక్కను దాని చోట నిలుపుటయే రక్షణ, మిగిలినది ఆపద్ధర్మము.

మన భాషలో లేని వస్తువునకు కుందేటి కొమ్మును ఉపమానముగా చెప్పుదురు. ఆ పేరు గల మొక్క మాత్రము నేటికిని మన గుట్టలమీద ఉన్నది. రేపటి విద్యార్థి ఈ పేరు విని అది నిజమైన మొక్కయా, కవుల కల్పనయా యని గురువును అడుగు దినము రాకుండ చూచుట మన చేతిలోని పని.